కంప్యూటరు కొలువులు: కాగితమా, అనుభవమా?

నేడు డిగ్రీ చదివే ప్రతి విద్యార్థినీ వేధిస్తున్న ప్రశ్న ఒకటుంది. కంప్యూటరు రంగంలో కొలువు దొరకాలంటే సర్టిఫికెట్లు ముఖ్యమా, పనిచేసిన అనుభవం ముఖ్యమా? మరిపెడ వంటి ఊళ్ళ నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళకు ఇది వట్టి చర్చ కాదు. మిర్చి అమ్మిన పైసల్లోంచి కట్టే ఫీజు సంగతి.

ఈ చదువులకు పేరుమోసిన చోటు హైదరాబాదులోని అమీర్‌పేట. మైత్రీవనం చుట్టూ ఎటుచూసినా కోర్సుల బోర్డులే. 1990ల చివర, కంప్యూటర్లలో 2000 సంవత్సరం తేదీ చిక్కు వచ్చినప్పుడు, పాత ప్రోగ్రాములు సరిదిద్దేవారు అమెరికాకు పెద్దఎత్తున కావలసివచ్చారు. కోబాల్ నేర్చిన మనవాళ్ళు ఎందరో విమానమెక్కారు. కానీ ఆ చిక్కు తీరగానే ఆ గిరాకీ కూడా తగ్గింది. గిరాకీ మారితే కాగితం విలువా మారుతుంది.

పైగా సర్టిఫికెట్లన్నీ ఒక్కతీరుగా ఉండవు. కొన్నిటికి నాలుగు జవాబుల్లో సరైనది గుర్తిస్తే చాలు. బట్టీ పట్టినవాడూ గట్టెక్కుతాడు. రెడ్‌హ్యాట్ వారి లినక్స్ పరీక్ష అట్లా కాదు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి యూజర్లను చేర్చమంటారు, డిస్కును భాగాలు చేయమంటారు. మెషీన్ ఆపి మళ్ళీ స్టార్టు చేసినా చేసిన పని నిలవాలి. ఇక గడువు సంగతి: ఈ సర్టిఫికెట్టయినా, సిస్కో వారి సి.సి.ఎన్.ఎ. అయినా 3 ఏండ్లే చెల్లుతుంది.

మరి అనుభవం? బావి మోటరు కాలితే మా నాయన మెకానిక్‌ను పట్టా అడగడు, "నిరుడు ఎవరి మోటరు బాగుచేసినవ్?" అని అడుగుతడు. కంపెనీలు అడిగేదీ అదే. అయితే కొలువు లేనిదే అనుభవం రాదు, అనుభవం లేనిదే కొలువు రాదు. ఈ ముడి విప్పలేక కొందరు దొంగ అనుభవపత్రాలు కొంటున్నారు. విచారణలో బయటపడితే ఉన్న ఉద్యోగమూ ఊడుతుంది.

ముడి విప్పే దారి లేకపోలేదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, 21 ఏండ్ల లైనస్ టోర్వాల్డ్స్, తాను రాసిన లినక్స్‌ను అందరి ముందూ పెట్టాడు. అట్లా బాహాటంగా రాసే ప్రోగ్రాములు నేడు లెక్కలేనన్ని. వాటిలో తప్పు వెతికి సరిచేసినా, తెలుగు మాటలు చేర్చినా, ఆ పని మన పేరుతో, తేదీతో నమోదవుతుంది. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చిన పనిలో విద్యార్థులే పాల్గొన్నారు. దీనికి ఫీజు లేదు. కావలసినవి ఒక కంప్యూటరు, నెట్టు, ఓపిక.

కనుక మిత్రులారా, సర్టిఫికెట్ వద్దనడం లేదు. తెలిసినవాళ్ళు లేని పల్లె పిల్లకు ఇంటర్వ్యూ దాకా చేర్చేది చాలాసార్లు అదే. కానీ పైసలు కట్టేముందు అడుగుదాం: పరీక్షలో పని చేయిస్తారా? గడువెంత? ఏ కొలువుకు అడుగుతున్నారు? ఇక ఉద్యోగాల్లో ఉన్న మన పూర్వ విద్యార్థులకు ఒక మనవి. సభలకు వచ్చినప్పుడు సలహాలతో పాటు ఒక చిన్న పని కూడా తెచ్చివ్వండి. మా అధ్యాపకులు సాయంత్రాలు ల్యాబు తెరిచి ఉంచితే, చేసి చూపిస్తాం.