మోకాళ్ల అరుగుదల: వంశం ఎంత, పని ఎంత

భద్రాచలం ఏజెన్సీలోని చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఎండాకాలం వస్తే తునికాకు పని మొదలవుతుంది. పొద్దున్నే అడవిలోకి వెళ్లి పొదల దగ్గర వంగి ఆకు కోయాలి, మూట నెత్తిన పెట్టుకుని ఇంటికి రావాలి, ఆ తర్వాత నేలమీద కూర్చుని యాభైయేసి ఆకులు లెక్కపెట్టి కట్టలు కట్టాలి. ఇవతల ఖమ్మం మైదానంలో మిర్చి కోతకు వెళ్లే ఆడవాళ్లదీ ఇదే కష్టం. రోజంతా వంగడం, గొంతుక్కూర్చోవడం, బరువు మోయడం. వయసు మీదపడ్డాక మోకాలి గుజ్జు అరిగిందని తెలిస్తే చాలామంది ‘మా అమ్మకీ ఇంతే, మా వంశమే అంత’ అని సరిపెట్టుకుంటారు. ఆ మాటలో నిజం ఉంది, కానీ అది సగమే. ఆ సగాన్నే పూర్తి నిజంగా నమ్మితే రెండు విధాలా నష్టపోతాం. తగ్గించుకోగల నొప్పిని భరిస్తూ కూర్చుంటాం. వంశం గురించి నిజంగా పరీక్ష చేయించుకోవలసిన చోట ఊరుకుంటాం.

ముందు ఆ సగం నిజం సంగతి చూద్దాం. తల్లీకూతుళ్లిద్దరికీ మోకాళ్ల నొప్పులుంటే అది రక్తంలో వచ్చిందో, ఇద్దరూ ఒకే పని చేయడం వల్ల వచ్చిందో పైకి చూసి చెప్పలేం. ఈ చిక్కు విప్పడానికి బ్రిటన్ పరిశోధకులు ఆడ కవలలను పరిశీలించారు. ఒకే పోలిక కవలలకు జన్యువులన్నీ ఒకటే. వేరు పోలిక కవలలకు సుమారు సగమే ఒకటి. ఇద్దరూ పెరిగేది మాత్రం ఒకే ఇంట్లో. ఒకే పోలిక కవలల కీళ్లలో అరుగుదల ఎక్కువగా కలిసిందంటే ఆ తేడా జన్యువులదే అనుకోవాలి. 1996లో వెలువడిన ఆ అధ్యయనం, చేతులు, మోకాళ్ల అరుగుదలలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 39 నుంచి 65 శాతం దాకా జన్యువుల వల్లేనని తేల్చింది.

అలాగని అరుగుదలను తెచ్చిపెట్టే జన్యువు ఒక్కటే ఎక్కడో దాగి లేదు. తల్లి కడుపులో కీళ్లు రూపుదిద్దుకోవడానికి తోడ్పడే జీడీఎఫ్‌5 అనే జన్యువులో ఒక చిన్న మార్పుకు ఈ జబ్బుతో సంబంధం ఉందని 2007లో జపాన్ శాస్త్రవేత్తలు చూపారు. ఆ మార్పు జనంలో చాలా మామూలుగా కనిపించేదే. అది ఉన్నా మోకాళ్లు బాగున్నవాళ్లు ఎందరో ఉంటారు. 2021లో 8 లక్షలకు పైగా మంది సమాచారాన్ని పరిశీలిస్తే ఇలాంటి మార్పులు సుమారు 100 బయటపడ్డాయి. వీటిలో చాలావాటి ప్రభావం విడివిడిగా చూస్తే కొంచెమే. పైగా ఆ సమాచారంలో ఎక్కువ భాగం యూరప్ మూలాలవారిది. దాని ఆధారంగా ఇక్కడి ఆదివాసీలైన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు జాతకం చెప్పినట్టు ముప్పు లెక్కకట్టడం సరికాదు. మామూలు మోకాళ్ల అరుగుదల కోసం డబ్బు పోసి జన్యుపరీక్షలు చేయించుకోనక్కర్లేదు.

‘సగం వంశమే అయినప్పుడు మనం చేసేదేముంది?’ అని అడగవచ్చు. ఆ శాతాలు మనుషుల మధ్య తేడాలకు లెక్క. ఒక మనిషి మోకాలిలో సగం విధి రాసిందనీ, సగమే మన చేతిలో ఉందనీ వాటి అర్థం కాదు. జన్యువులు మారకపోయినా మోకాలి మీద పడే భారం మారుతుంది. అధిక బరువున్నవారు ఒక కిలో తగ్గితే నడకలో అడుగడుక్కీ మోకాలిపై సుమారు 4 కిలోల ఒత్తిడి తగ్గుతుందని 2005 నాటి అమెరికా అధ్యయనం చెప్పింది. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం నొప్పిని తగ్గిస్తుంది. ‘రోజూ ఇంత కష్టపడేవాళ్లకు మళ్లీ వ్యాయామమా?’ అన్న సందేహం న్యాయమైనదే. కానీ వంగి మోసే చాకిరీ వేరు, కండరానికి బలమిచ్చే వ్యాయామం వేరు. కట్టలు కట్టేటప్పుడు కూర్చోవడానికి ఎత్తు పీట, మూట మోయడానికి బండి, మధ్యమధ్య లేచి నడిచే వీలు కూడా వైద్యంలో భాగమే. ఇవి ఒక్క మనిషి వల్ల అయ్యేవి కావు. పని చేయించేవాళ్లూ, ప్రభుత్వమూ కల్పించాలి.

వంశం మాట గట్టిగా పట్టించుకోవలసిన చోటు మరొకటుంది, అది సికిల్ సెల్ జబ్బు. ఇక్కడి ఆదివాసీల్లో కనిపించే ఈ జబ్బుకు మూలం ఒకే జన్యువులోని మార్పు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే జబ్బు లేకుండా ఆ మార్పును మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కొడవలిలా వంగిన రక్తకణాలు తుంటి ఎముక తలకు రక్తం అందనివ్వకపోతే ఆ ఎముక చచ్చుబడి, కుంగి, చిన్న వయసులోనే తుంటి కీలు అరిగిపోతుంది. కాబట్టి ఏజెన్సీలో ఇరవై ఏళ్ల కుర్రాడు తుంటి నొప్పితో కుంటుతుంటే వాతమనీ, పని నొప్పులనీ వదిలేయకూడదు. సికిల్ సెల్ రక్తపరీక్ష చేయించాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 40 ఏళ్లలోపు వారికి ఈ పరీక్షలు చేయడానికే వచ్చింది. పెళ్లికి ముందే ఇద్దరి ఫలితాలూ తెలిస్తే పుట్టబోయే బిడ్డల విషయంలో ఆలోచించుకునే వీలుంటుంది.

‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అనే ప్రశ్నను వైద్యులూ, ఆశా కార్యకర్తలూ తప్పక అడగాలి. ఆ జవాబుతో పాటు వయసూ, ఏ కీలన్నదీ కలిపి చూడాలి. వయసు మళ్లిన తల్లి మోకాలి విషయంలో ఆ జవాబు ముందుజాగ్రత్తకు దారి తీయాలి. కుర్రాడి తుంటి విషయంలో రక్తపరీక్షకు దారి తీయాలి. ‘వంశమే అంత’ అనుకుని ఏమీ చేయకుండా ఉండడానికి మాత్రం ఈ రెండు చోట్లా కారణం లేదు.