బొమ్మ గీసే ముందు ఎక్కడ కూర్చున్నావమ్మా?

డిజైన్ అనగానే మనకి చీర అంచూ, ముగ్గూ, గోరింటాకూ గుర్తొస్తాయి. కానీ పొద్దున్నే కత్తిరించే పాల ప్యాకెట్టు మీది రంగూ, ఉప్పు సంచీ మీది అక్షరమూ కూడా ఎవరో కూర్చుని ఆలోచించి గీసినవే. చదువు రాని ముసలమ్మ కూడా కొట్టుకెళ్లి 'ఆ ఎర్ర కాగితం సబ్బివ్వు నాయనా' అని అడిగి తెచ్చుకుంటుందంటే, అది ఆ గీసినవాళ్ల గొప్పే.

మన దేశంలో ఈ చదువు మొదలైన కథలో ఒక చెంబు ఉంది! 1958లో చార్లెస్, రే ఈమ్స్ అనే అమెరికన్ దంపతులు మన ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్లు తెగ మెచ్చుకున్న వస్తువు మనిళ్లలోని చెంబే. ఎన్ని నీళ్లు పట్టాలి, నెత్తిన ఎలా నిలవాలి, చంకన ఎలా ఇమడాలి, వంచితే ధార ఎలా పడాలి... ఇవన్నీ ఏ ఒక్కరూ ఆలోచించి చేసింది కాదనీ, తరతరాల వాళ్లు దిద్దుకుంటూ వచ్చిన రూపమనీ వాళ్ల మాటల సారాంశం. ఆ తర్వాత 1961లో అహ్మదాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ వచ్చింది. ఇప్పుడు మన సంగారెడ్డి జిల్లాలోనే, కంది దగ్గరున్న ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది.

మా వీధిలో ఒకమ్మాయి ఇలాంటి కోర్సే చదువుతోంది. కాలేజీలో 'బ్రాండింగ్' అని పనిచ్చారట. ఒక సరుకుకి పేరు, గుర్తు, రంగులు, అక్షరాల తీరు అన్నీ ఒక్క మాట మీద ఉండేలా తయారుచెయ్యాలి. తను చిరుధాన్యాలు ఎంచుకుంది. ప్యాకెట్టు మీద కలుపు తీస్తున్న ఆడమనిషి బొమ్మ. పైనుంచి చూసినట్టుంది. వంగిన వీపు తప్ప ముఖం లేదు.

"రంగులు బాగున్నాయమ్మా. ఆమె ముఖమేదీ?" అన్నాను.

"ముఖం లేకపోతేనే మాడర్న్‌గా ఉంటుంది ఆంటీ!"

అప్పుడు తనకి జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్ సంగతి చెప్పాను. 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి ఈ చుట్టుపక్కల ఊళ్ల పేద మహిళా రైతులు, ముఖ్యంగా దళిత స్త్రీలు, సంఘాలు కట్టుకున్నారు. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినవారు. 2023లో కన్నుమూశారు. బడి మొహం చూడని ఆడవాళ్లు ఇక్కడ వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008 నుంచి మాచనూరులో సంఘం రేడియో కూడా నడిపారు.

వాళ్లు కెమెరా భాషకి పెట్టుకున్న పేర్లు వినండి. కింద నుంచి పైకి చూస్తూ తీస్తే అది 'పటేల్ షాట్'. అరుగు మీది దొరని నేల మీద నిలబడి చూసిన చూపు. పైనుంచి కిందకి తీస్తే అది దొర తన జీతగాణ్ణి చూసే చూపు. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా కెమెరా పెట్టి తీస్తే అది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు. ఎవరూ ఎత్తున ఉండరు. వాళ్లకి కావాల్సింది ఆ చూపే!

ఆ ఊళ్లలో ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతర కూడా అందరూ కలిసి గీసే బొమ్మే. ఎడ్లబండ్లని సింగారిస్తారు. జొన్న, కొర్ర, సామ, తైదలు, కంది... రకరకాల విత్తనాలు బండ్లకెక్కి ఊరూరా తిరుగుతాయి. ప్రతి ఊళ్లోనూ డప్పులతో, పాటలతో ఎదురొస్తారు. పంటల గురించి మాట్లాడుకుంటారు. ఇంత అందంలోనూ 'ఇది నేను వేసిన బొమ్మ' అని సంతకం పెట్టేవాళ్లుండరు. అందం కోసమే అయితే అన్ని ఊళ్లు తిరగక్కర్లేదు. విత్తనం తమ చేతిలోనే ఉందని చెప్పడానికే ఆ సింగారం. ఈ సంస్థకి 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

2023ని ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. ఇప్పుడు పెద్ద కొట్లలో కొర్రలూ సామలూ నిగనిగలాడే ప్యాకెట్లలో కనిపిస్తున్నాయి. ఆ గింజల్ని ఎవరూ పట్టించుకోని రోజుల్లో వేపాకు, బూడిద కలిపి బుట్టల్లో దాచి కాపాడినవాళ్ల జాడ మాత్రం ఎన్నింటి మీద ఉంటుంది? బొమ్మగా వాళ్ల వీపు కావాలి, పేరు అక్కర్లేదంటే ఎలా?

వారం తర్వాత ఆ అమ్మాయి ఇంకో బొమ్మ తెచ్చింది. ఈసారి ముఖం ఉంది. నేరుగా మనవైపే చూస్తోంది.

"ఎవరీమె?" అన్నాను.

"నెట్‌లో దొరికిన ఫొటో చూసి వేశానాంటీ."

"ఆమెని అడిగావా మరి?"

జవాబు లేదు. అడగడమంటే ఊరికి వెళ్లాలి, చాపేస్తే కూర్చోవాలి, 'నీ ముఖం వేస్తే నీకేమిస్తారు బిడ్డా' అని ఆమె అడిగితే సమాధానం చెప్పాలి. అది మార్కుల్లో రాదు. కానీ అది లేని బ్రాండు కాగితం మీది రంగే.

'బొమ్మలు గీస్తే కూడు పెడతాయా' అని మన పిల్లల్ని నిరుత్సాహపరచకండి. పెడతాయి. అయితే ఎవరి కూడు గురించి గీస్తున్నారో వాళ్ల పక్కన కూర్చోవడం కూడా నేర్పండి. మనం కూడా ఈసారి కొర్రల ప్యాకెట్టు కొన్నప్పుడు వెనక్కి తిప్పి, పండించిన ఊరి పేరుందేమో వెతుకుదాం. లేకపోతే కొట్టువాణ్ణి అడుగుదాం. నలుగురు అడిగితేనే కదా, ఆ పేరు అచ్చయ్యేది!