స్లాబు మిద్దె చల్లబడాలంటే: వినైల్ షీటా, సున్నమా?

ఆళ్లగడ్డ, అహోబిలం వైపు స్లాబు మిద్దెలు పగలంతా ఎండను పీల్చుకుని, రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతాయి. మట్టి మందంగా పరిచిన పాత చౌడు మిద్దెల్లో ఈ బాధ తక్కువ. మనుషులకే కాదు, అక్టోబరులో వేయడానికి అదే గదిలో దాచిన శనగ విత్తనానికీ ఈ వేడి, ఆపై వానల్లో వచ్చే చెమ్మ చేటు. మొలక దెబ్బతింటుంది.

పైకప్పు తెల్లగా ఉంటే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. 2017లో హైదరాబాద్‌లో పేదల ఇళ్లపై తెల్లటి పాలిథిన్ పొర పరిచి చూస్తే గదుల్లో వేడి సగటున 2 డిగ్రీలు తగ్గింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇందుకోసం కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

వినైల్ షీటు అంటే పీవీసీ షీటే. తెల్లరంగుది వేస్తే ఎండనూ, వాననూ ఆపుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. అయితే ఖర్చు ఎక్కువ. అతుకులను వేడిగాలితో కరిగించి కలపాలి కనుక పని తెలిసినవారితోనే వేయించాలి. మిద్దెపై మిరప, వేరుశనగ ఎండబోసేవారు దీని జోలికి పోకపోవడమే మంచిది. పార అంచు తగిలి ఒక్క చిల్లు పడినా నీరు షీటు కిందికి దిగి ఎక్కడో కారుతుంది, చిల్లు ఎక్కడుందో దొరకదు. మిగిలిన ముక్కలను కాల్చకూడదు, విషపు పొగ వస్తుంది.

చాలామందికి సున్నం చాలు. ఫిబ్రవరి, మార్చిలో మిద్దె కడిగి, పగుళ్లు పూడ్చి, వడగట్టిన సున్నపు పాలలో కొద్దిగా ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయాలి. కళ్లలో పడకుండా జాగ్రత్తపడాలి. వానకు పోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి.

షీటైనా, సున్నమైనా నీరు నిలిచే మిద్దెపై ఎక్కువ కాలం ఉండదు. ముందుగా మీటరుకు 1 సెంటీమీటరు చొప్పున గొట్టం వైపు వాలు సరిచేయించండి.