స్టెప్పర్ డ్రైవరులకు లాజిక్ స్థాయి మార్పిడి

లాజిక్ స్థాయి మార్పిడి అనగా ఒక వోల్టేజిపై పనిచేసే వలయము పంపిన సంకేతాన్ని వేరొక వోల్టేజిపై పనిచేసే వలయము సరిగా గుర్తించేటట్లు మార్చుట. రాస్ప్‌బెర్రీ పై వంటి సింగిల్ బోర్డు కంప్యూటర్ల జీపీఐఓ పిన్నులు 3.3 వోల్టులపై పనిచేస్తాయి. స్టెప్పర్ మోటారు డ్రైవర్లను మాత్రము తరచుగా 5 వోల్టులపై వాడుతారు. ఈ తేడా వలన మోటారు అడుగులు తప్పి, చేస్తున్న వస్తువు పాడవుతుంది. ఇది చూచుటకు యాంత్రిక లోపము వలె ఉంటుంది కనుక ముందుగా బెల్టును, మోటారును అనుమానించుట పరిపాటి.

లోపానికి మూలము

ఏ4988 డ్రైవరు తన లాజిక్ సరఫరాలో కనీసము 70 శాతము వోల్టేజి వచ్చిననే దానిని '1'గా గుర్తిస్తుందని తయారీదారుల హామీ. సరఫరా 5 వోల్టులైతే 3.5 వోల్టులు కావలెను. కంప్యూటరు ఇచ్చేది 3.3 మాత్రమే. అసలు పనిచేయకపోతే లోపము వెంటనే బయటపడేది. కాని చిప్పులు చాలావరకు హామీకంటె తక్కువ వోల్టేజికే స్పందిస్తాయి. అందువలన బల్లపై చక్కగా నడిచిన యంత్రము, మోటారు కరెంటుకు గ్రౌండు తీగలో కొంత వోల్టేజి పడగానే తడబడుతుంది. నిజానికి ఇక్కడ మార్పిడి అవసరమే లేదు. ఏ4988 లాజిక్ సరఫరాను 3.3 వోల్టులకే కలిపితే 2.31 వోల్టులు చాలును. డీఆర్‌వీ8825కు 2.2 వోల్టులు చాలును.

విశాఖపట్నం ఉక్కు కర్మాగారము, నౌకాశ్రయము వంటి భారీ పరిశ్రమలలో వాడే పీఎల్‌సీల సంకేతాలు సాధారణంగా 24 వోల్టులవి. వాటి ఇన్‌పుట్‌లకు 5 వోల్టులలోపు '0', 15 వోల్టులు దాటితే '1' అనునది ప్రామాణికము. నడుమ 10 వోల్టుల ఎడమున్నచోట చిన్న కలత లెక్కలోనికి రాదు.

ఆప్టోకప్లర్ డ్రైవర్లు

డీఎమ్542 వంటి డ్రైవర్ల ఇన్‌పుట్‌లో ఎల్‌ఈడీ ఉంటుంది. దానికి కావలసినది వోల్టేజి మాత్రమే కాదు, 7 నుండి 16 మిల్లీ ఆంపియర్ల కరెంటు కూడ. ధన కొనను 5 వోల్టులకు, ఋణ కొనను నేరుగా జీపీఐఓకు కలుపుట పెద్ద పొరపాటు. పిన్ను 3.3 వోల్టులకు లేచినా ఎల్‌ఈడీ వలయముపై 1.7 వోల్టులు మిగిలి, అది పూర్తిగా ఆరకపోవచ్చును. పిన్ను ఇన్‌పుట్‌గా ఉన్నపుడు దానిపై 3.3కు మించిన వోల్టేజి పడి కంప్యూటరే చెడిపోవచ్చును. ఒక ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టరు గాని యూఎల్‌ఎన్2003 గాని నడుమ ఉంచిన ఈ రెండు చిక్కులూ తీరుతాయి.

మార్పిడి చిప్పులు

74హెచ్‌సీటీ245 చిప్పు 5 వోల్టుల సరఫరాపై 2 వోల్టులనే '1'గా గుర్తిస్తుంది. అంగడిలో 'టీ' లేని 74హెచ్‌సీ245 దొరికినదని తెచ్చుకొంటే దానికీ 3.5 వోల్టులే కావలెను. మొదటి కథే మళ్ళీ మొదలు. బీఎస్‌ఎస్138 మాడ్యూళ్ళు ఐ2సీకి అనువైనవి. వాటి 10 కిలో ఓముల నిరోధము గుండా సంకేతము నెమ్మదిగా లేచుటచేత పొడవైన తీగలపై వేగపు స్పందనలు మొద్దుబారుతాయి. టీఎక్స్‌బీ0108 ఆప్టోకప్లర్లకు తగినంత కరెంటు ఇవ్వలేదు.

పరీక్షించు విధము

మల్టీమీటరు సగటు వోల్టేజిని మాత్రమే చూపును కనుక, పిన్నును '1' వద్ద నిలిపి డ్రైవరు కొనవద్ద కొలవవలెను. కంప్యూటరు కొనవద్ద కాదు. ఆసిల్లోస్కోపును కూడ అక్కడే తగిలించవలెను. నిదానముగా తిప్పినా అడుగులు తప్పితే వోల్టేజి చాలలేదని అనుమానించవచ్చును. వేగములోనే తప్పితే స్పందన వెడల్పును (ఏ4988కు కనీసము 1 మైక్రోసెకను, డీఆర్‌వీ8825కు 1.9), మోటారు టార్కును చూడవలెను. దిశ మారినపుడెల్లా ఒక్కొక్క అడుగు జరుగుతుంటే దిశ సంకేతానికి, అడుగు సంకేతానికి మధ్య వ్యవధి చాలలేదన్నమాట. విశాఖ వంటి తీర నగరాలలో ఉప్పుగాలికి కనెక్టర్లు తుప్పు పట్టుట సాధారణము. చిప్పు మార్చేముందు గ్రౌండు కలయికను ఒకసారి ఊడదీసి శుభ్రము చేయుట మేలు.