బెంచీ మీద మిగిలేదెవరు?

సెలవులొస్తే చాలు, కోనసీమ ఇళ్లలో పిల్లల నోట వండర్లా పేరో, రామోజీ ఫిల్మ్ సిటీ పేరో వినిపిస్తుంది. పెద్దవాళ్లు వెంటనే ఫోను తీసి చూసేవి రెండే: టికెట్టెంత, రైడ్లెన్ని. రైడ్లెక్కువ ఉన్న పార్కే మంచి పార్కని అక్కడితో తేల్చేస్తారు. ఇంటిల్లిపాదీ బయలుదేరేటప్పుడు ఈ లెక్క పనికిరాదు. వెళ్లినవాళ్లలో ఎంతమంది ఏదీ ఎక్కకుండా సంచులకు కాపలాగా బెంచీ మీద మిగిలిపోతారో ముందు చూసుకోవాలి. థీమ్ పార్కు అనే ఊహ పుట్టిందే అలాంటి బెంచీ మీద. వాల్ట్ డిస్నీ తన కూతుళ్లు డయాన్, షారన్‌లను లాస్ ఏంజెలెస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకెళ్లేవాడు. వాళ్లు రంగులరాట్నం మీద తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చునేవాడు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడుకునే చోటొకటి ఉంటే ఎంత బాగుండునని అక్కడే అనిపించిందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఆలోచనే 1955 జూలై 17న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీల్యాండ్‌గా తెరుచుకుంది. తర్వాత కాలంలో పార్కులు ఎత్తులోనూ వేగంలోనూ ఒకదానితో ఒకటి పోటీపడ్డాయి. దాంతో బెంచీలు మళ్లీ నిండాయి.

మనకు ఈ ప్రశ్న మరీ ముఖ్యం కావడానికి కారణం దూరం. అమలాపురం నుంచి వండర్లా, ఫిల్మ్ సిటీ ఉన్న హైదరాబాదు నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. కోటిపల్లి–నరసాపురం రైలుమార్గం పని ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది కాబట్టి ఇంటి దగ్గర రైలెక్కే వీలు లేదు. రాజోలు వాళ్లు చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లాలి. కొత్తపేట వాళ్లు రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరాలి. అమలాపురం వాళ్లు ఎదుర్లంక దగ్గర బాలయోగి వంతెన ఎక్కి యానాం మీదుగా కాకినాడ పోవాలి. ఇవేవీ కాదనుకుంటే రాత్రి బస్సే దిక్కు. తెల్లారేసరికి హైదరాబాదులో దిగి, పార్కులో సాయంత్రం దాకా గడిపి, మళ్లీ రాత్రికే బస్సెక్కేస్తే ‘ఒక్క రోజులో’ పని అయిపోతుందని చాలామంది లెక్క. వండర్లా తెరిచేది పదకొండు గంటల ప్రాంతంలో, మూసేది సాయంత్రం ఆరూ ఏడు మధ్య. అంటే ఏడెనిమిది గంటల ఆట కోసం రెండు రాత్రులు కూర్చున్నచోటే కునికిపాట్లు. సరిగా నిద్రపోని అయిదేళ్ల పిల్లాడు మధ్యాహ్నం భోజనమయ్యాక ఏ రోలర్ కోస్టరూ అడగడు, అమ్మ భుజం అడుగుతాడు. ఒక్క రోజు పార్కుకు రెండు రోజుల సెలవూ, ఒక రాత్రి బసా కలిపి వేసుకోలేనప్పుడు హైదరాబాదు ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు.

సెలవూ బసా కుదిరాయనుకుందాం. అప్పుడు చూడాల్సింది ఇంట్లో చిన్నవాడి ఎత్తు. 2016లో రావిర్యాల దగ్గర తెరిచిన వండర్లాలో టికెట్టు ధర కూడా పిల్లల వయసును బట్టి ఉండదు, ఎత్తును బట్టి ఉంటుంది. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు ఉచితం, 140 దాటితే పెద్దల టికెట్టు. పెద్ద రైడ్ల దగ్గర ఎత్తు కొలిచి గానీ లోపలికి పంపరు. ఇది దబాయింపు కాదు. ఒడి మీదికి దిగే ఇనపకమ్మీ తొడలూ నడుమూ కలిసే చోట బిగిసి పట్టుకోవాలి. అంత ఎత్తులేని పిల్ల దాని కిందనుంచి జారిపోవచ్చు. అందుకే అక్కడి కుర్రాణ్ని బతిమాలడం, బూట్లలో మడమ ఎత్తి నిలబెట్టడం లాంటి తెలివితేటలు పిల్లల ప్రాణం మీదికి తెస్తాయి. ఇంట్లో గుమ్మానికి ఆనించి నిలబెట్టి, పెన్సిలుతో గీత గీసి, టేపుతో కొలిచి చూడండి. పెద్దవాడు 145, చిన్నది 105 ఉందనుకుంటే ఆ కుటుంబం గేటు దాటగానే రెండుగా చీలిపోతుంది: నాన్న పెద్దవాడితో ఒక వైపు, అమ్మ చిన్నదానితో మరో వైపు. నీళ్ల రైడ్ల దగ్గర ఇంకో చిక్కుంది. నైలాన్, పాలిస్టర్ లాంటి బట్టలైతేనే దిగనిస్తారు. నూలు పోగులు నీళ్లను వడగట్టే యంత్రాలకు అడ్డుపడతాయి కాబట్టి నేత చీరతో వెళ్లిన నాన్నమ్మకు గట్టే గతి. వాన్లో గానీ బస్సులో గానీ ఆరుగురు బయలుదేరితే, నిజంగా ఆడుకునేది ఇద్దరో ముగ్గురో.

అది పిల్లల రోజు కదా, పెద్దవాళ్లు కాసేపు కూర్చుంటే ఏం పోయిందని అడగొచ్చు. పెద్దలు మాత్రమే కూర్చునేటట్లయితే ఆ మాటకు బదులు లేదు. కానీ ఎత్తు చాలని చిన్నపిల్ల కూడా కూర్చుంటుంది, అన్నయ్య పైన కేకలు పెడుతుంటే కింద తను ఏడుస్తూ కూర్చుంటుంది. పోనీ ఆడుకునేవాళ్లకైనా డబ్బుకు తగ్గ ఆట దొరుకుతుందా అంటే అదీ లెక్కేసుకోవాలి. ఒక కోస్టరు బండిలో 24 మంది పడతారనుకోండి. ఎక్కించి, బిగించి, తిప్పి, దింపడానికి మూడు నిమిషాలు. గంటకు 20 సార్లు, అంటే 480 మంది. సెలవు రోజున ముందు 240 మంది నిలబడి ఉంటే అరగంట వరస, రెండు నిమిషాల ఆట. భోజనం, బట్టలు మార్చుకోవడం పోను మిగిలే అయిదున్నర గంటల్లో ఎంత పరుగులు పెట్టినా ఎక్కగలిగేవి పదికి మించవు. ప్రకటనలో రైడ్లు ఎన్ని ఉంటేనేం, మన వంతుకొచ్చేది ఆ పదే. వరస తప్పించుకునే ఖరీదైన టికెట్లూ అమ్ముతారు గానీ, ఆరుగురికి అవి కొనే బదులు స్కూళ్లున్న మంగళవారమో బుధవారమో చూసుకుని వెళ్లడం చవక.

బెంచీ పరీక్ష పెడితే రామోజీ ఫిల్మ్ సిటీకి వేరే మార్కులు పడతాయి. 1996లో మొదలైన ఈ స్టూడియో ప్రపంచంలోకెల్లా పెద్దదిగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. విస్తీర్ణం 1,666 ఎకరాలు. అక్కడ సెట్ల మధ్య బస్సులో తిప్పుతారు కాబట్టి మోకాళ్ల నొప్పులున్న తాతయ్య కూడా ఎక్కి కూర్చుని, ఏ సినిమాలో ఏ వీధి చూశాడో పక్కవాళ్లకు చెబుతాడు. బాహుబలి మాహిష్మతి దగ్గర మూడు తరాల వాళ్లూ ఒకే ఫొటోలో నిలబడతారు. చిన్నపిల్లలకు ఫండుస్తాన్ అనే ఆటస్థలం ఉంది. లోపమేమిటంటే ఎండ, దూరం. బస్సు దిగి నడిచేది తక్కువేం కాదు, మూడేళ్ల పిల్లను ఎత్తుకుని తిరగాలి. పదమూడేళ్ల కుర్రాడికైతే మధ్యాహ్నానికే విసుగు పుడుతుంది. వాడి వయసుకు వండర్లాయే సరి. దారి విషయంలో మాత్రం రెండూ మనకు కలిసొచ్చేవే. ఫిల్మ్ సిటీ విజయవాడ రోడ్డు మీదే, నగరం రాకముందే తగులుతుంది. కారులో వెళ్లేవాళ్లు పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డెక్కితే రావిర్యాల కూడా నగరం ట్రాఫిక్కులో ఇరుక్కోకుండానే చేరొచ్చు.

చిన్నవాళ్లున్న ఇంటికి నా ఓటు మాత్రం విశాఖపట్నానికి. దూరం హైదరాబాదుకు ఇంచుమించు సగం. థీమ్ పార్కు పేరు లేకపోయినా, దాని పనంతా చేసే చోట్లు ఒక్క సముద్రపు ఒడ్డునే దొరుకుతాయి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విధులు ముగించిన కురుసుర జలాంతర్గామిని ఆ మరుసటేడు రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా తెరిచారు. ఒక కొసన ఎక్కి, గుండ్రటి తలుపుల్లోంచి వంగి వంగి దూరుతూ, నావికులు పడుకున్న ఇరుకు పడకలు చూస్తూ రెండో కొసన దిగాలి. ఆ తలుపుల్లో తల తగలకుండా నడిచేది చిన్నపిల్లలే, వంగాల్సింది నాన్నే! దానికి ఎదురుగానే 2017లో తెరిచిన టీయూ-142 విమానం ఉంది. కైలాసగిరి మీద తీగబండి, కొండ చుట్టూ తిప్పే బుల్లి రైలు, కాస్త అవతల జంతుప్రదర్శనశాల. వీటిలో ఎవరి ఎత్తూ కొలవరు, ఎవరి బట్టలూ చూడరు.

గోదావరీ సముద్రమూ చుట్టూ ఉండగా డబ్బు పోసి దొంగ అలల్లో మునగడమేమిటని కోనసీమలో పెద్దవాళ్లు ఎగతాళి చేస్తారు. వినడానికి బాగుంది గానీ, ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఈత రాదు. స్కూలు బస్సు కిటికీలోంచే గోదావరిని చూస్తారు. అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసేచోట పోటు వెనక్కి తీసేవేళ ఏటి వడీ సముద్రపు లాగుడూ ఒక్కటవుతాయి. ఈతగాళ్లే అక్కడ తడబడతారు. పార్కులోని అలల కొలనులో నేల మడమలోతు నుంచి మెల్లగా వాలుతుంది, అలలు వదిలేముందు గంట మోగుతుంది, గట్టు మీద కాపలా ఉంటుంది. నీళ్ల మధ్యన పుట్టిన పిల్ల తల్లిదండ్రుల చెయ్యి పట్టుకుని భయం లేకుండా నీళ్లలో దిగే చోటు అది. దానికి డబ్బివ్వడం దండగ అనలేం.

పెద్ద ఖర్చు లేకుండా దొరికే పార్కు మనకు తీర్థాల్లోనే ఉంది. భీష్మ ఏకాదశికి అంతర్వేదిలో రథం లాగే రోజుల్లో జెయింట్ వీల్, కొలంబస్ పడవ, చేత్తో తిప్పే రంగులరాట్నం అన్నీ దిగుతాయి. తాత్కాలికంగా బిగించే యంత్రాలను నమ్మడమెలా అన్న అనుమానం న్యాయమైనదే. చక్రం వైపు చూసే ముందు దాని కాళ్ల వైపు చూడాలి. మనది ఒండ్రునేల, తడిస్తే దిగిపోతుంది. కాళ్ల కింద పరిచిన చెక్కదిమ్మెలు ఒకవైపు కుంగినా, తొట్టె తలుపుకు గొళ్లెం బదులు తాడు కట్టినా ఎక్కనివ్వకండి. చిన్నదానికి రంగులరాట్నం చాలు.

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది మిగిలింది. హైదరాబాదు పార్కులకు రద్దీ లేని ప్రయాణం కావాలంటే సంక్రాంతి ముందు రోజులే మంచివి. నగరమంతా మన వైపు వచ్చే బస్సుల్లో కిక్కిరిసి ఉంటుంది, అటు వెళ్లే బస్సుల్లో సీట్లు సులువుగా దొరుకుతాయి. కాకపోతే సంక్రాంతికి కొత్తపేటలో ప్రభలు లేస్తాయి. మర్నాడు కనుమకు జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల రుద్రులు కలుస్తారు. ఆ తీర్థాన్ని 2023 రిపబ్లిక్ దినోత్సవంలో శకటంగా ఢిల్లీ దాకా తీసుకెళ్లి చూపించారు. దాన్ని వదిలేసి వండర్లాకు పోదామని తాతయ్యతో చెప్పే ధైర్యం ఉన్నవాళ్లు ఆ బస్సుకు టికెట్టు తీసుకోవచ్చు.