అమ్మ నేర్పిన ప్రార్థన

ప్రార్థనకు కళ్లు మూసుకొన్నప్పుడు మన నోట మొదట వచ్చేది అమ్మ భాషే. ఆ భాషను చూచి తల వంచుకోవలసి వస్తే? దక్షిణ ఆఫ్రికాలో ఆఫ్రికాన్స్ మాట్లాడే తెల్ల యువతీ యువకులలో చాలామందికి ఎదురైన ఇరుకు ఇదే.

1652లో కేప్ తీరమున దిగిన డచ్చివారి భాష, అక్కడి ఖోయి ప్రజల నోట, తూర్పు దీవులనుండి తెచ్చిన బానిసల నోట నలిగి ఆఫ్రికాన్స్ అయ్యింది. దానిని వంటింటి భాష అని ఎగతాళి చేసేవారు. గుడిలో చదివేది డచ్చి బైబిలే. 1925లో ఆఫ్రికాన్స్‌కు అధికార హోదా వచ్చింది, 1933లో బైబిలంతా ఆ భాషలో అచ్చయ్యింది. సొంత మాటలో వాక్యము విన్న ఆ తల్లుల సంతోషం మనకు తెలియనిది కాదు.

అయితే 1948 తరువాత వర్ణవివక్ష చట్టాలు చేసిన పాలకుల భాష కూడా అదే. "అపార్థైడ్" అనే మాట అందులోనే పుట్టింది. డచ్ రిఫార్మ్డ్ సంఘ బోధకులు దానికి లేఖనాధారాలు వెదికారు. ఇది వ్రాయుటకు మాకు బాధగానే ఉన్నది. 1976 జూన్ 16న సోవెటోలో, కొన్ని పాఠాలు ఆఫ్రికాన్స్‌లోనే చదవాలన్న ఆజ్ఞను ఎదిరించిన నల్ల పిల్లలను పోలీసులు కాల్చారు.

1994 తరువాత పుట్టినవారు ఇవేవీ చేయలేదు. అయినా నోరు తెరిస్తే తాతల మాట వినబడుతుంది. కొందరు పరదేశాలకు వెళ్లి పిల్లలకు ఇంగ్లీషే నేర్పుతున్నారు. (1903లో నెల్లూరునుండి నేటాలు వెళ్లిన జాన్ రంగయ్యగారు తోటల కూలీలకు తెలుగులో సువార్త చెప్పారు. ఆ కూలీల మునిమనవలు ఎక్కువగా ఇంగ్లీషే మాట్లాడతారు. భాష జారిపోవడం మన ఇంటి సంగతి కూడా.) మరికొందరు పట్టుదలగా నిలుపుకొంటున్నారు. భాషను పట్టుకొంటే పాత గర్వమును పట్టుకొన్నట్లేనా అన్నది వారిలో తెగని తగువు.

మాకు తోచినది ఒకటున్నది. ఆ భాష తెల్లవారి సొత్తు ఎన్నడూ కాదు. దానిని ఇంట మాట్లాడేవారిలో సగానికి పైగా తెల్లవారు కారు. 1982లో వర్ణవివక్షను ఖండిస్తూ బెల్‌హార్ విశ్వాస ప్రమాణమును మిశ్రమజాతి సంఘము వ్రాసుకొన్నది ఆఫ్రికాన్స్‌లోనే. బాయర్స్ నౌడె అను తెల్ల కాపరి 1963లో తన మందను విడువవలసి వచ్చినా సత్యము పలికినది ఆ నోటితోనే.

2020లో ఆఫ్రికాన్స్ బైబిలు క్రొత్త అనువాదం వచ్చింది. తెల్ల కుటుంబమూ, కేప్ పేటల్లోని మిశ్రమజాతి కుటుంబమూ దానినే చదువవచ్చును. వారి సంఘములు రెండూ మాత్రం ఇంకా ఏకము కాలేదు.