గ్యాస్ మాత్రను కొరికితే ఏమవుతుంది?

రండర్రా, అరుగు మీద అందరికీ చోటుంది. అక్క డి.ఫార్మసీ పుస్తకం తిరగేసి చిన్నది అడుగుతోంది, మాత్రలు, క్యాప్సూల్స్, సిరప్‌లు, ఆయింట్‌మెంట్లు అంటూ మందుకి ఇన్ని రూపాలెందుకు తాతయ్యా అని. భలే అడిగావే బంగారం!

నాయనమ్మ పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఉందే, పాంటోప్రజోల్, కడుపులో ఆమ్లం ఎక్కువ ఊరకుండా చూడటమే దాని పని. వింతేమిటంటే, ఆ ఆమ్లం తగిలితే ముందు ఆ మందే పాడైపోతుంది! అందుకే దాని మీద ఓ పూత వేస్తారు. కడుపులోని పులుపుకి ఆ పూత కరగదు. పులుపు తగ్గే చిన్నపేగులోకి దిగాకే కరుగుతుంది. అక్కడ మందు రక్తంలో కలిసి, చుట్టూ తిరిగి, ఆమ్లం ఊరే కణాల దగ్గరికి దొడ్డిదారిన చేరుతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! కొరికారా, నూరారా, ఆ పూత పోయినట్టే.

మరి డాక్టరు రాసిస్తే మీకు ఇచ్చే అమాక్సిసిలిన్ సీసాలో పొడి ఎందుకుంటుంది? నీళ్ళలో ఉంటే ఆ మందు మెల్లగా చెడిపోతుంది కనుక. కాచి చల్లార్చిన నీళ్ళు సగం పోసి, బాగా గిలక్కొట్టి, నురగ దిగాక గీత దాకా నింపాలి. నీళ్ళు తగ్గితే చెంచాలో మందు ఎక్కువైపోతుంది. కలిపాక మామూలుగా 7 రోజులే వాడాలి. పొడి పూర్తిగా కరగదు కూడా. ముంతలో మజ్జిగ కదపకుండా ఉంచితే పైన తేట తేరుతుంది చూశారా, అలాగే మందు అడుగుకి దిగిపోతుంది. ఊపకుండా పోస్తే మొదటి రోజు పిల్లాడికి చప్పటి నీళ్ళు, చివరి రోజు చిక్కటి మందు! పోయడమూ సీసాతో వచ్చిన కొలకప్పుతోనే. వంటింటి చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు.

అక్క 2 ఏళ్ళ చదువు అయ్యాక 500 గంటలు ట్రెయినింగ్ చేయాలి. చీటీ చూసి మందు తీసివ్వడం ఒక్కటే అయితే అన్ని గంటలెందుకు? కౌంటర్ దగ్గర తొందరపడే మనిషిని ఆపి, సీసా మీది గీత వేలుపెట్టి చూపించడం, ఇది కొరకకండి బాబాయ్ అని చెప్పడం, నా లెక్కలో అసలు విద్య అదే.

గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమన్న మాత్రను మింగకూడదని కూడా అలాగే చెప్పాలి. మింగితే ముందు కాలేయం గుండా వెళ్ళాలి, చాలా మందు అక్కడే ఖర్చయిపోతుంది. నాలుక కింద పొర పల్చన, నిమిషాల్లో నేరుగా రక్తంలోకి పోతుంది.